బావ కట్టిన భట్టీ

పోయిన ఆదివారం మా అమ్మాయి ఇక్కడ టాటానగర్‌లో మాంగో అనే పేటలో కొనాలనుకుంటున్న ఫ్లాటు చూడ్డానికి నలుగురం వెళ్ళాం: నేను, మా అమ్మాయి, మా అక్క, మా బావ. మా వారు మోకాళ్ళ నొప్పి అడ్డం పెట్టుకుని తప్పించుకున్నారు. ఇల్లు చూడ్డానికి బావ పెట్టిన ముహూర్తం మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలు. చల్లపూట చూస్తే ప్రతి ఇల్లూ మంచిదేనట, పెళ్ళిచూపులనాడు ప్రతి పిల్లా నెమ్మదస్తురాలే అయినట్టు. బిల్డరు తాలూకు మనిషి లిఫ్టు గురించీ, వంటగది అరల గురించీ చెప్పుకుపోతున్నాడు. బావ అదేమీ వినకుండా పడమటి గదిలోకి నడిచి గోడకి అరచెయ్యి ఆనించాడు. ఆనించి, మా అమ్మాయి వైపు తిరిగి, "నువ్వోపాలి ఇక్కడ చెయ్యి ఎట్టి చూడమ్మా. వేడిగా ఉన్నాదా?" అని అడిగాడు. బిల్డరు మనిషికి నవ్వొచ్చింది. మీ చెయ్యి గోడ మీదే ఉంది కదా అంకుల్, మళ్ళీ ఆవిణ్ణి అడగడం దేనికని హిందీలో అన్నాడు. బావ మొహం చిన్నబోయింది. చేతిని గోడ మీంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మాయి గోడని ముట్టుకుని, పెద్దాయన ముందు పేచీ ఎందుకనుకుందో ఏమో, "ఠీక్ హై, పెదనాన్నా" అంది. బాగానే ఉందన్న ఆ మాట బావ నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో మా అమ్మాయికి తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే ఆయన కట్టిన ఇంటి గృహప్రవేశంలో నేనూ ఉన్నాను.

మా బావ ఇక్కడి ఉక్కు ప్లాంటులో భట్టీల, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలుముల, లోపలి గోడలు చూసుకునేవాడు. కరిగిన ఇనుము వేడికి తట్టుకునే ప్రత్యేకమైన ఇటుకలు ఉంటాయి. వాటిని సందు లేకుండా పేర్పించడం, పాతబడితే పీకించి కొత్తవి వేయించడం ఆయన పని. శ్రీకాకుళం నుంచి అప్రెంటిస్‌గా వచ్చి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఉద్యోగకాలమంతా ఆయనకి ఉన్నది ఒకటే దిగులు, లోపలి వేడి బయటికి పోకూడదని. "వేడి దొంగలాటిది పిల్లా. సందు దొరికితే జారుకుంటాది" అని, నేను అడగకపోయినా, నా పెళ్ళినాటి నుంచి పాఠం చెబుతూనే ఉన్నాడు. అన్నేళ్ళు ఆ భట్టీల ముందు నిలబడి నిలబడి ఆయన ఒంటికి వేడి తెలియడం మానేసింది. పొయ్యి మీది పెనాన్ని ఉత్త వేళ్ళతో పట్టి దించేవాడు. పొగలు కక్కే టీని మేం ఊదుకుంటూ ఉండగానే గటగటా తాగేసి, "సల్లారిపోనాది, ఇంకో కప్పు వేడిగా పట్రా" అని అక్కకి గ్లాసు చాపేవాడు. అల్లుడికి దేవుడు నాలిక పెట్టడం మరిచిపోయి తోలు బెల్టు ముక్క పెట్టాడని మా అమ్మ అనేది. ఆ మాటకి అందరం నవ్వేవాళ్ళం. అక్క కూడా నవ్వి, మళ్ళీ టీ మరిగించడానికి లేచేది.

రిటైరయ్యే ఏడాది వాళ్ళకి రెండు బెంగలు పట్టుకున్నాయి. కదమాలోని కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యాలి, అది మొదటిది. రెండోది అక్క ఆయాసం. కూలరు తడిగాలి పడదు, ఏసీ చలిగాలి అసలే పడదు, అలాగని ఉక్కలో ఉంటే ఊపిరి అందదు అని డాక్టరు చెప్పాడు. ఈ ఊళ్ళో ఎండాకాలం ఎలా ఉంటుందో ఇక్కడ బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బావ ఆసుపత్రి మెట్ల మీదే అక్కకి మాట ఇచ్చాడు. ఏ మిషనూ లేకుండా వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండే ఇల్లు తానే గీసి తానే కట్టిస్తానన్నాడు. ఖర్కాయి నది దాటాక ఆదిత్యపూర్‌లో ఎప్పుడో కొన్న చిన్న జాగా ఉంది. అందులో విరిగిన గొడుగు ఊచ ఒకటి పాతి, దాని నీడ ఏ నెలలో ఎక్కడిదాకా వస్తుందో రాళ్ళు పెట్టి గుర్తులు వేసుకోవడం మొదలెట్టాడు. సిద్ధాంతిగారు ఈశాన్యం గురించి ఏదో చెప్పబోతే, "నా సిద్ధాంతి ఆయన, పంతులుగారూ" అని ఆకాశంలో సూర్యుణ్ణి చూపించాడు. సిద్ధాంతిగారు ఈశాన్యాన్ని వదిలేసి సంభావన మాత్రం పుచ్చుకుని వెళ్ళారు.

ఇంటి లెక్క నాకు చాలాసార్లు చెప్పాడు కాబట్టి నాకూ నోటికి వచ్చు. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి కిందుగా నడుస్తాడు, అందుకని పెద్ద కిటికీలన్నీ దక్షిణానికి; ఎండ గదిలో సగందాకా వచ్చి నేలని వెచ్చబెడుతుంది. ఎండాకాలం ఆయనే నడినెత్తి మీదుగా పోతాడు, కిటికీ పైన చూరు లాంటి పలక ఒకటి ముందుకి పెడితే ఆ ఎండ గడప తొక్కదు. పడమటికి కిటికీలే వద్దు. ఇంతవరకూ అంతా బాగానే ఉంది. ఇక్కడే ఆయనలోని ఫోర్‌మన్ నిద్రలేచాడు. గోడలు రెండు వరసలుగా లేపించి, బయటి వేడి లోపలికి దాటకుండా మధ్యలో ఖాళీ వదిలించాడు. తలుపులకీ కిటికీలకీ అంచుల్లో రబ్బరు కొట్టించాడు. దుమ్ము వస్తుందని పైన ఉండే వెంటిలేటర్లు ఎత్తేశాడు. ఇక కప్పు సంగతి అడిగితే మామూలు సిమెంటు స్లాబే పోయించాడు; ఎందుకయ్యా అంటే, ప్లాంటులో భట్టీ కప్పు వేరే సెక్షన్ వాళ్ళు చూసేవారట, దాని మీద ఆయనకి ఎప్పుడూ ధ్యాస లేదు. అంతా అయ్యాక వేసవి మొదట్లో నాలుగైదు రోజులు చాప వేసుకుని ఒక్కడే అందులో పడుకుని చూశాడు. పొద్దున్నే వచ్చి, "ఊటీలాగున్నాది పిల్లా" అన్నాడు. ఆ పరీక్ష చేసినది ఏ ఒళ్ళో మాకెవరికీ తట్టలేదు.

గృహప్రవేశం నాటికి ఎండలు ముదిరాయి. శ్రీకాకుళం నుంచి బావ తరఫు వాళ్ళు, మా వాళ్ళు టాటానగర్‌లో దిగి ఆటోల్లో వచ్చారు. వాళ్ళు ఆ ఇల్లు చూడగానే మా అక్క తల కొంచెం దించుకుంది. ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ స్తంభాలూ, పిట్టగోడ మీద సింహాలూ, నెమళ్ళూ ఉంటాయి. వాటి మధ్య ఈ చిన్న తెల్లటి ఇల్లు పడమటి వైపు ఒక్క కిటికీ అయినా లేక గొళ్ళెం వేసిన పెట్టెలా కనిపించింది. కానీ లోపల అడుగుపెట్టగానే అందరి నోళ్ళూ మూతపడ్డాయి. బయట నిప్పులు చెరుగుతుంటే లోపల నిజంగానే చల్లగా ఉంది. పాలు పొంగాయి, వ్రతం అయింది, భోజనాలు అయ్యాయి. బావ గది గదికీ తిరిగి "ఎలగుంది?" అని అడిగాడు, మేం "బాగుంది" అన్నాం. ఆ గర్వం ఆయన మొహంలో చూసి అక్క కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అసలు కథ మొదలైంది. పగలంతా ఎండలో కాలిన స్లాబు నెమ్మదిగా కిందికి వేడి వదలడం మొదలెట్టింది. వంటింట్లో రెండు పెద్ద పొయ్యిలు, ఇంటినిండా మనుషులు. ఆ వేడి పోదామన్నా పోవడానికి ఎక్కడా సందు లేదు. దొంగని లోపల పెట్టి తాళం వేసినట్టయింది. ఫ్యాను వేస్తే అది ఆ వేడినే తెచ్చి మొహాన కొట్టింది. బావ మళ్ళీ వచ్చి "ఎలగుంది?" అన్నాడు. చీరలు ఒంటికి అంటుకుపోతున్నా మేం మళ్ళీ "బాగుంది" అన్నాం. శుభమా అని కొత్త ఇంట్లో కాలుపెట్టిన రోజు వంక పెట్టే మాట ఎవరంటారు? దానికి తోడు పంతులుగారు వెళుతూ వెళుతూ, ఇంటివాళ్ళూ దగ్గరివాళ్ళూ ఈ రాత్రి తప్పకుండా ఇక్కడే నిద్ర చెయ్యాలని చెప్పి వెళ్ళారు. ఆయన మాత్రం స్కూటరెక్కి చక్కా పోయారు.

అందరికంటే ముందు బావ పడుకుని గుర్రు పెట్టాడు. ఆ తరువాత మా వాళ్ళు ఒక్కొక్కరే దిండు చంకన పెట్టుకుని లేవడం మొదలెట్టారు. పక్క జాగాలో ఎవరిదో ఇల్లు కడుతున్నారు, స్తంభాలూ స్లాబూ తప్ప గోడలు ఇంకా లేవలేదు. అందరం అందులోకి చేరాం. గోడలు లేని ఇల్లు ఎంత సుఖమో నాకు ఆ రోజే తెలిసింది.

షిఫ్టు అలవాటున బావ చీకటితోనే లేచి, రాత్రి మా అందరికీ హాయిగా నిద్ర పట్టిందన్న నమ్మకంతో, పెద్ద కెటిల్‌తో టీ కాచుకుని హాల్లోకి వచ్చాడు. హాల్లో ఖాళీ చాపలు ఉన్నాయి. తను పడుకున్న గది తప్ప మిగతా గదుల్లో చూశాడు, అక్కడా అంతే. కెటిల్ పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి పక్క స్లాబు కింద ఆయన బంధువర్గమంతా వరసగా పడుకుని ఉంది. నాకు అప్పటికే మెలకువ వచ్చింది. తెల్లవారుతున్న వెలుగులో ఆయన మమ్మల్ని చివరిదాకా చూడడం, కెటిల్‌ని చప్పుడు కాకుండా మధ్య గోడ మీద పెట్టడం చూసి నేను సిగ్గుతో కళ్ళు మూసుకున్నాను. ఇంతలో ఆయన పెద్దక్కగారు లేచారు. ఆవిడ నోటికి హద్దూ పద్దూ లేదు. "ఒరే తమ్ముడా, నువ్వు రిటైరయినావు గానీ నీ చేతులు రిటైరవనేదురా. ఇల్లు కట్టమంటే భట్టీ కట్టేసినావేటిరా" అన్నారు. దుప్పట్ల కింది నుంచి నవ్వులు వినిపించాయి. బావ కూడా నవ్వబోయాడు గానీ పెదవులు సహకరించలేదు.

కెటిల్ తీసుకుందామని నేను గోడ దాటి వెళ్ళేసరికి ఆయన లోపలికి తిరిగిపోయాడు. ఆయన వెనకే నేనూ గుమ్మం దాకా వెళ్ళాను. పడకగదిలో మంచం పక్కన, గచ్చు మీద, తడిపిన పైట మెడకి చుట్టుకుని అక్క కూర్చుని ఉంది. ఆ ఇంట్లో రాత్రంతా బావ కాక ఇంకో మనిషి ఉందంటే అది తనే. మెడ మీదా వీపు మీదా చెమటకాయలు ఎర్రగా పేలాయి. రొప్పుతోంది.

"నువ్వూ ఆళ్ళతో ఎల్లలేకపోనావా?" అన్నాడు బావ.

"ఇంటిది ఇంట్లో నిద్దర సెయ్యకపోతే ఎలగండి? మీరు నిద్దరోతన్నారు. ఒక్కర్నీ ఎలగొదిలేత్తాను?"

"పోనీ నాకు సెప్పొచ్చు కదే, వేడిగా ఉన్నాదని."

అక్క కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఏటని సెప్పను? బాధపడతారని" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఇన్నేళ్ళుగా ఇదే పద్ధతి అన్నట్టుగా మామూలుగా అంది.

బావ ఆ రోజు బంధువుల్ని సాగనంపడానికి స్టేషన్‌కి రాలేదు. ఆ తరువాత చాలా రోజులు బిష్టుపూర్‌లో పాత షిఫ్టు స్నేహితులు కూర్చునే టీకొట్టు వైపు కూడా పోలేదు. వార్త ఆయన కంటే ముందే అక్కడికి చేరింది, ఇంటికి భట్టీ అని పేరు కూడా స్థిరపడింది. కదమాలో క్వార్టరు తాళాలు ఇవ్వాల్సిన రోజు దగ్గర పడుతోంది. కొత్త ఇల్లు అమ్మేసి అద్దెకి పోదామంటాడు బావ. మా ఇంటికి వస్తే మా వారితో కళ్ళు కలపడు. ఒకరోజు నేను ఓదార్చబోయాను. పోనిద్దూ బావా, నలుగురూ నాలుగు రోజులు నవ్వుకుని మరిచిపోతారన్నాను.  "భట్టీ అన్నారని కాదు పిల్లా సిగ్గు. ఏ ఇటుక ఎంత వేడెక్కినాదో సూసి సెప్పినోణ్ణి. పక్కనున్న మడిసికి ఉక్కగా ఉన్నాదేటని ఒక్కనాడు అడగనేదు" అన్నాడు. క్వార్టర్లో ఉన్న రోజుల్లో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునేవాడు. వెలుతురు పడకుండా కిటికీలన్నీ అక్కే మూసేది. మే నెలలో, మూసిన గదిలో, ఆయన లేచేదాకా తను చప్పుడు చెయ్యకుండా వంట చేసుకునేది. అదంతా ఆయనకి ఒక్కసారిగా గుర్తొచ్చిందట. నేను లేచి టీ పెట్టాను. ఆయన దాన్ని చల్లారేదాకా ముట్టుకోలేదు.

ఆ మర్నాటి నుంచి ఆయన ఒక కొత్త పని మొదలెట్టాడు. తన ఒంటిని నమ్మడం మానేశాడు. అక్కని ఆదిత్యపూర్ తీసుకెళ్ళి, కుర్చీ ఒకటి వేసి, పూటకో మూల కూర్చోబెట్టి "ఇక్కడెలగుంది?" అని అడుగుతాడు. బాగుంది అంటుంది అక్క. కుర్చీ ఇంకో మూలకి జరుపుతాడు. అక్కడా బాగుంది అంటుంది. స్లాబు కింద సరిగ్గా మధ్యాహ్నం వేళ కూర్చోబెడితే చెమటలు కారుస్తూ కూడా బాగుంది అనే అంది. ప్లాంటులో ఎన్నో మీటర్లు చూసిన మనిషికి ఒకే అంకె చూపించే మీటరు తగిలింది. బతిమాలాడు, కసురుకున్నాడు, చివరికి నన్ను పంచాయతీకి పిలిచాడు. "నీ అక్కకి కొంచెం సెప్పు పిల్లా. ఇది కొలత. కొలతలో మర్యాదేటి?" అన్నాడు. నేను చెప్పాను. అక్క తల ఊపింది. తరువాత ఆయన అడిగితే, "కొంచెం... బాగానే ఉంది" అంది. అది కూడా ప్రగతే అనుకున్నాం.

ఫలానా రోజని గుర్తు లేదు గానీ, నేను అక్కడే ఉన్నాను. అక్క వంటింట్లో చేపల పులుసు పెడుతోంది. బావ గుమ్మంలో నిలబడి అలవాటు ప్రకారం అడిగాడు. అక్క గరిటె గట్టు మీద విసిరికొట్టింది. "ఊపిరాడతాలేదండీ. సచ్చిపోతన్నాను ఈ వంటింట్లో. ఎవుడు కట్టినాడు ఈ కొంప?" అంది. అని, తన మాట తనే విని, భయపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ మొహం చూడాలి మీరు. కొడుకు పుట్టాడన్న కబురు విన్నప్పుడు కూడా అంత సంతోషపడలేదు. "ఎక్కడ? పైనా, కిందా? నిలబడితే ఎక్కువా, కూకుంటే ఎక్కువా?" అంటూ స్టూలెక్కి కప్పు దగ్గర గోడ మీద సుద్దతో గీత గీశాడు. మర్నాడు మేస్త్రీ వచ్చి ఆ గీత ఉన్నచోట గోడ బద్దలు కొట్టాడు. వేడిగాలి పైకి పోతుందని బావకి తెలియక కాదు, అది పోవడానికి దారి ఇవ్వడం ఆయన చేసిన ఉద్యోగంలో లేదు.

అక్కడి నుంచి ఆ ఇల్లు అక్క ఫిర్యాదుల మీద నడిచింది. మెట్ల గది నెత్తిన తెరుచుకునే కిటికీ పెట్టించారు, ఇంటి వేడంతా అటు పోతుంది. చల్లగాలి లోపలికి రావడానికి ఉత్తరం వైపు నేల దగ్గర జాలీ పెట్టించారు. స్లాబు మీద ఎండని తిప్పికొట్టడానికి పగిలిన తెల్ల పింగాణీ పెంకులు అతికించారు. పడమటి గోడ మీదికి దొండపాదు ఎక్కించారు. దాని నీడ గోడకి, కాయలు మాకు. పగలు అన్నీ మూసేసి, పొద్దుపోయాక తెరుస్తారు. లోకమంతా తలుపులు వేసుకునే వేళ వీళ్ళు తీస్తారని ఆ వీధిలో మొదట్లో వింతగా చెప్పుకునేవారు. ఇప్పుడు కరెంటు పోయిన సాయంత్రాల్లో ఆ వీధి ఆడవాళ్ళు మా అక్క హాల్లోనే కూర్చుంటారు. చలికాలంలో దక్షిణం కిటికీ ఎండ గదిలో ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా అక్క కుర్చీ వెనక్కి జరుగుతుంది. ఆయాసం పూర్తిగా పోలేదు గానీ నిద్ర పడుతోంది. ఇల్లు భట్టీ అనే పేరు మాత్రం పోలేదు. ఆటోవాళ్ళకి కూడా అదే గుర్తు. ఎవరైనా ఆ పేరు పలికినప్పుడల్లా బావ ఇప్పటికీ నేల చూపులు చూస్తాడు.

మాంగో ఫ్లాటులో ఆ వేళ మా అమ్మాయి "ఠీక్ హై" అన్నాక బావ అక్క వైపు చూశాడు. అక్క వచ్చి గోడ మీద అరచెయ్యి వేసి వెంటనే తీసేసింది. "మండిపోతన్నాదే అమ్మా. రాత్రికి ఈ గదిలో పిల్లల్ని పడుకోబెట్టలేవు" అని బిల్డరు మనిషి ఎదుటే అనేసింది. బిల్డరు మనిషికి తెలుగు రాకపోయినా విషయం అర్థమైంది. మా అమ్మాయి అప్పుడు మళ్ళీ గోడని ముట్టుకుని, "హాఁ మమ్మీ, గరమ్ తో హై" అంటూ, వేడిగానే ఉందని నా వైపు చూసి ఒప్పుకుంది. తూర్పు వైపు ఫ్లాటు ఏదైనా ఉందా అని అడుగుతూ మెట్లు దిగాం.

నేను ఇల్లు చేరేసరికి తల పగిలిపోతోంది, కళ్ళు మంటలు. మా వారు పేపరు పక్కన పెట్టి, "ఎండలో తిరిగొచ్చావు, ఎలా ఉంది ఒంట్లో?" అని అడిగారు. పాపం, నిజంగానే అడిగారు. "బాగానే ఉందండీ" అన్నాను. అనేసి, వంటింట్లోకి వచ్చి, టీకి నీళ్ళు పెడుతూ, ఏమన్నానో అప్పుడు విన్నాను. సిగ్గుతో పొయ్యి ముందే నిలబడిపోయాను. ఎండకి గోడ దాటడానికి ఒక పూట చాలు, మా అక్క మాటకి మా బావ దాకా రావడానికి ముప్పై ఏళ్ళు పైగా పట్టింది, నా మాట ఇంకా బయలుదేరనే లేదు.